సగం గది కిరాయి

ఈ మధ్య సూరత్‌లో ఆల్థాన్ వైపు మా అపార్ట్‌మెంట్‌లో ఏ కుర్రాడికి పరాయి దేశంలో ఉద్యోగం వచ్చినా ముందు నా దగ్గరికే వస్తున్నాడు. వచ్చి ఆశీర్వాదం అడగడు, ఫోన్ తీసి ముఖం ముందు పెడతాడు. అందులో రెండు ఊళ్ల ఖర్చులు పోల్చి చూపించే వెబ్‌సైటు ఒకటి ఉంటుంది. ఎడమ పక్క సూరత్, కుడి పక్క వాడు వెళ్లబోయే ఊరు, మధ్యలో పాలు, గుడ్లు, గది కిరాయి, బస్సు టికెట్టు. అక్కడ ఇంత జీతం సరిపోతుందా అంకుల్ అని అడుగుతాడు. నా ఉద్యోగమంతా సాంచెల కార్ఖానాలో, టైమ్ ఆఫీసులో గడిచింది. పవర్‌లూమ్‌ను మావాళ్లు సాంచె అంటారు. మనుషుల హాజరు, పగార్లు అంటే జీతాలు, ఎవరు ఏ పాళీలో పనిచేయాలో రాసే చార్టు, ఇవన్నీ నా బల్ల మీదే నడిచేవి కాబట్టి ఇలాంటివి నాకు తెలుస్తాయని వాళ్ల నమ్మకం. నాకేమో ఆ పేజీ చూడగానే ఒళ్లు మండుతుంది. ఎందుకు మండుతుందో ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక లేక ఇది రాస్తున్నాను.

అసలు సూరత్ ధర అనేది ఒకటి ఉంటే కదా. నేను చాలా ఏళ్లు సూరత్‌లోనే పనివాళ్లుండే బమ్రోలీలో ఉన్నాను. కూరగాయలు కొంటే బండివాడు కొత్తిమీర, పచ్చిమిరపకాయలు ఊరికే సంచిలో పడేసేవాడు. రిటైరయ్యే ముందు ఆల్థాన్‌కు మారాను. అదే ఊరు, రిక్షా ఎక్కితే కబుర్లు పూర్తయ్యే లోపు వచ్చేస్తుంది. ఇక్కడ కొత్తిమీర కట్టకు డబ్బులు అడిగితే మా ఆవిడ బండివాడితో గొడవ పెట్టుకుంది. వాడు ఆమెను ఏ దేశం నుంచి వచ్చావన్నట్టు చూశాడు. మరి ఆ వెబ్‌సైటులో ఎడమ పక్కన ఉన్న సూరత్ ఏ సూరత్? ఈ ప్రశ్న నాకు మొదటిసారి కరోనా రోజుల్లో వచ్చింది. అప్పుడు జరిగిందే చెబుతాను.

మా కార్ఖానా ఊరి బయట కిమ్ వైపు ఉండేది. పనివాళ్లలో చాలామంది బమ్రోలీ నుంచి కంపెనీ బస్సులో వచ్చేవాళ్లు. సాంచెలకు రెండు పాళీలు, ఒకటి పగలు, ఒకటి రాత్రి. మధ్యలో యంత్రం ఆగదు. భార్యాపిల్లల్ని తెలంగాణలో వదిలి ఒంటరిగా వచ్చినవాళ్లు దీన్ని బట్టే ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఇద్దరు కలిసి ఒక ఖోలీ, అంటే ఒక గది, అద్దెకు తీసుకుంటారు. అందులో ఒకటే మంచం. పగటి పాళీ మనిషి పొద్దున బయల్దేరితే రాత్రి పాళీ మనిషి వచ్చి అదే మంచం మీద పడుకుంటాడు. సాయంత్రం ఇతను లేచి పోతాడు, అతను వచ్చి పడుకుంటాడు. పాళీలు మారినా ఇద్దరూ ఎదురెదురు పాళీల్లోనే ఉండేలా చూడమని నన్ను బతిమాలేవాళ్లు, నేను అలాగే వేసేవాణ్ని. కిరాయి చెరి సగం. దీన్ని ఎవరూ కష్టమనుకోలేదు, వింతనుకోలేదు. అలవాటైపోయింది.

అలా ఒకే ఖోలీలో ఏళ్ల తరబడి ఉన్నవాళ్లు ఇద్దరు. ఒకాయన సాంచెలు బిగించి, చెడిపోతే బాగుచేసే మనిషి, యాభై దాటినవాడు. ఆయన్ని అందరూ మాస్టర్ అనేవాళ్లు. రెండో అతను సాంచెకు బీములు, అంటే నూలు చుట్టిన పెద్ద రోలర్లు, ఎక్కించి పోగులు జోడించేవాడు, మాస్టర్ కంటే కాస్త చిన్న. అతన్ని బీమాయన అందాం. ఇద్దరివీ కరీంనగర్ జిల్లాలో పక్కపక్క ఊళ్లు, ఇద్దరి భార్యలూ అక్కడే బీడీలు చేస్తారు. ఇద్దరూ ఒకరి గురించి ఒకరు మహా గొప్పగా చెప్పేవాళ్లు. తాళం చేతులు మారేటప్పుడు తప్ప ఎదురుపడేవాళ్లు కాదు కాబట్టి గొప్పగానే ఉంటుంది.

లాక్‌డౌన్ వచ్చి సాంచెలు ఆగాయి. బీమాయన దొరికిన రైలెక్కి ఊరికి పోయాడు. కార్ఖానాకు కాపలా ఉండమని యజమాని, మా సేఠ్, అడిగితే మాస్టర్ ఇక్కడే ఉండిపోయాడు. ఆ రోజుల్లో రెండు పాళీల మనుషులూ ఒకేసారి ఖోలీల్లో ఇరుక్కుపోయి కొట్టుకున్న కథలు బమ్రోలీలో చాలా విన్నాం. మాస్టర్‌కూ బీమాయనకూ మాత్రం ఆ అనుభవం కాలేదు. అయి ఉంటే తర్వాత నా నెత్తి మీదికి వచ్చిన గొడవ వచ్చేదే కాదు.

రెండో వేవ్ తగ్గి బీమాయన తిరిగొచ్చేసరికి కార్ఖానాలో సగం సాంచెలే నడుస్తున్నాయి. మిగతావి అమ్మేస్తాడని కొందరు, అమ్మేశాడని కొందరు. సేఠ్ వాటిని అమ్మలేదు, ఆఫ్రికాలో సముద్రం పక్కనున్న ఒక ఊరికి ఓడలో పంపాడు. దేశం పేరు చెప్పను, అక్కడ ఆయన వ్యాపారం ఇంకా నడుస్తోంది. అక్కడ ఆయన స్నేహితుడు ఒక షెడ్డు కట్టాడు. సాంచెలు బిగించి, అక్కడివాళ్లకు పని నేర్పడానికి ఇద్దరు మనుషులు కావాలి, మూడేళ్లు ఉండాలి. మాస్టర్‌నూ బీమాయననూ పంపుదామని నేనే చెప్పాను. ఇక్కడ సగం సాంచెలకు ఆ ఇద్దరి పని అవసరం లేదని, పంపకపోతే ఇంటికి పంపేస్తారని నాకు తెలుసు.

ఎంత ఇవ్వాలి అన్న ప్రశ్న వచ్చింది. సేఠ్ మేనల్లుడు మేనేజ్‌మెంటు చదివి, లాక్‌డౌన్‌లో ముంబయి ఉద్యోగం పోయి, మామ ఆఫీసులో చేరాడు. చెడ్డవాడు కాదు, కాకపోతే లాప్‌టాప్‌లో కనిపించింది కళ్లెదుట కనిపించినదాని కంటే నిజమని నమ్మే రకం. అంకుల్, ఊహలు వద్దు, డేటా ఉంది అన్నాడు. ఆ వెబ్‌సైటును నేను మొదటిసారి చూసింది అప్పుడే. గోడ మీద పెద్దగా వేసి చూపించాడు. కాఫీ షాపులో కాఫీ, జిమ్ నెల ఫీజు, జీన్స్ ప్యాంటు, ఒక సీసా వైను. సూరత్‌లో బీరు ధర కూడా రాసి ఉంది. మందు నిషేధం ఉన్న గుజరాత్‌లో ఆ ధర ఎవరిచ్చారో, పోలీసులు చూశారో లేదో నాకు తెలియదు. తర్వాతి వరసలో కోడి మాంసం వచ్చేసరికి ఉల్లిపాయ కూడా ముట్టని సేఠ్ కళ్లు మూసుకున్నాడు. ఇవి మనవాళ్లు కొనరు బాబూ అని నేనంటే, సగటు తీస్తున్నాం కదా అంకుల్ అన్నాడు. మాస్టర్ జన్మలో ఎక్కని జిమ్ము మెట్లు కూడా ఆయన జీవన వ్యయంలో చేరాయి.

అసలు ముడి గది కిరాయి దగ్గర పడింది. అక్కడ ఒక పడకగది ఇంటి కిరాయి చూసి సేఠ్ కళ్లు తెరిచాడు. ఇద్దరికి రెండు ఇళ్లంటే గిట్టదు, అక్కడే ఎవరినైనా వెతుక్కుందాం, ఈ ఆలోచన మానేద్దాం అన్నాడు. బయట బల్ల మీద కూర్చున్న ఆ ఇద్దరినీ లోపలికి పిలిచి సంగతి చెప్పాను. మాస్టర్‌కు అన్నం కంచం లాగేస్తున్నట్టు అనిపించి ఉంటుంది. సేఠ్ ముందు హిందీ తడబడుతుందని నాతో మన మాటల్లో చెప్పి ఆయనకు చెప్పమన్నాడు.

"మాకు ఒక్కటే ఖోలీ చాలు, ఒక్కటే మంచం. గీడ ఎట్లున్నమో గాడ గట్లనే ఉంటమని చెప్పన్నా."

బీమాయన తల ఊపాడు. మేనల్లుడు కిరాయి వరసలో సూరత్ పక్కన సగం గది, ఆఫ్రికా పక్కన సగం గది వేశాడు. రెండు పక్కలా లెక్క అందంగా కుదిరింది. సేఠ్ టీ తెప్పించాడు. గదిలో ఉన్నవాళ్లందరం సాంచెల మీద బతికినవాళ్లమే. ఆ సగం గది అనేది రాత్రి పాళీ ఉంటేనే ఉంటుందని ఒక్కరికీ తట్టలేదు. కార్ఖానా అంటే రాత్రి నడవకుండా ఎలా ఉంటుంది మరి?

మెట్లు దిగుతూ మాస్టర్ నన్ను పక్కకు లాగాడు. పిల్లలు ఎవరి దారిన వాళ్లు పోయారు, భార్య ఊళ్లో ఒక్కతే ఉంటోంది. తను సగం ఖోలీలో ఉన్నంతకాలం ఆమెను సూరత్ తీసుకురావడం కుదరదు. పగలు ఆమె ఉంటే రాత్రి పాళీ వాడు ఎక్కడ పడుకుంటాడు?

"మూడేండ్లు జేసొస్తె బమ్రోలీల పూరా ఖోలీ దీస్కుంటన్నా," అన్నాడు. "పగలు నాదే, రాత్రి నాదే. మా ఇంటామెను దెచ్చుకుంట. ఇప్పటిదాక నేనామెతోని పండుగలకు నాలుగు దినాలు ఉన్నుడే గని, కాపురం జేసింది లేదు."

వెళ్లి పాస్‌పోర్ట్ ఫోటో దిగమన్నాను.

వాళ్లను విమానం ఎక్కించేసరికి నా ప్రాణం పోయింది. ముక్కులో పుల్ల పెట్టే పరీక్ష ఒకసారి ఆలస్యమై చెల్లలేదు, మళ్లీ పెట్టించాం. బీమాయనకు టీకా సర్టిఫికెట్‌లో ఇంటిపేరు తప్పు పడింది. చివరికి వెళ్లారు. సేఠ్ స్నేహితుడి మనిషి సముద్రం ఒడ్డున ఒక గది చూసి పెట్టాడు, వెబ్‌సైటు చెప్పిన ధరకే. కిరాయి కంపెనీ నేరుగా కడుతుంది, తిండీ తిప్పలకు చేతి ఖర్చు ఇస్తుంది, పగార్ ఇక్కడి బ్యాంకులో పడుతుంది.

సాంచెలు బిగించారు. నడిపిద్దాం అనేసరికి అక్కడి ప్రభుత్వం కరోనా కోసం రాత్రి కర్ఫ్యూ గట్టిగా అమలు చేస్తోంది, రాత్రి పాళీకి అనుమతి లేదు. పగలు మాత్రమే నడపాలి. ఇద్దరూ పొద్దున కలిసి పనికి పోవాలి, సాయంత్రం కలిసి గదికి రావాలి, ఒకే మంచం మీద కలిసి పడుకోవాలి. ఇన్నేళ్లు ఒకే మంచం మీద పడుకున్నారు కానీ ఒకరి నిద్ర ఒకరు చూడలేదు.

ఇక నాకు ఫోన్లు మొదలయ్యాయి. మన గడియారం వాళ్లకంటే ముందుంటుంది కదా, వాళ్లు పడుకునే వేళకు నేను నిద్రలో ఉంటాను. బీమాయన చేసి, మాస్టర్ నిద్రలో కూడా సాంచె బాగుచేస్తాడని, కాళ్లతో తన నడుమును బిగిస్తాడని చెప్పేవాడు. అతను పెట్టేశాక మాస్టర్ చేసేవాడు. బీమాయన రాత్రయితే స్పీకర్ పెట్టి పెండ్లాంతో ముచ్చట్లు పెడతాడట, ఆమె ఏ కూర వండిందో మాస్టర్ కూడా వినాల్సి వస్తోందట. ఫ్యాను కావాలని ఒకడు, వద్దని ఒకడు. వంతులు వేసుకుని నేల మీద పడుకోండి అంటే, నేల మీద చీమలున్నాయి, ఈ వారం ఎవరి వంతో నువ్వే చెప్పన్నా అన్నారు. పాళీల చార్టు వేసినవాణ్ని మంచం చార్టు కూడా వేయమన్నారు. వేశాను. దాన్నీ ఇద్దరూ ఒప్పుకోలేదు. మా ఆవిడ ఒక రోజు ఫోన్ తీసుకుని నాకు ఉద్యోగం లేదని చెప్పి పెట్టేసింది.

తిండి విషయంలో మాత్రం మాస్టర్ సుఖపడ్డాడు. అక్కడివాళ్లు మక్కపిండి, అంటే మొక్కజొన్న పిండి, ఉడికించి ముద్ద చేసి తింటారు. మన ఊళ్లలో మక్కలతో వండే గటుకకు అది తమ్ముడు. ఆయన అదే తిని, ఆకుకూర ఉడకేసుకుని, చేతి ఖర్చులో చాలా భాగం దాచేవాడు. బమ్రోలీ ఖోలీకి అడ్వాన్సు అక్కడే జమవుతోందన్నా అని ఒక్క ఆ మాట మాత్రం సంతోషంగా చెప్పేవాడు.

గొడవ గదిలోనే ఉంటే ఎలాగో నడిచేది. షెడ్డులోకి వచ్చింది. మాస్టర్ చెప్పిన సాంచెకు బీమాయన బీము ఎక్కించడు, బీమాయన ఎక్కించినదాన్ని మాస్టర్ ముట్టుకోడు. సాంచెలు ఊరికే నిలబడ్డాయి. అక్కడి స్నేహితుడు సేఠ్‌కు ఫోన్ చేసి, నువ్వు పంపింది పనివాళ్లనా, సవతులనా అని అడిగాడట. సేఠ్ వీడియో మీటింగ్ పెట్టించాడు.

ఆ రోజు సేఠ్ గదిలో మేము ముగ్గురం మాస్కులు పెట్టుకుని లాప్‌టాప్ ముందు కూర్చున్నాం. అటువైపు వాళ్లిద్దరూ బల్లకు ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు కూర్చున్నారు. ఇద్దరివీ సగం సగం ముఖాలే కనిపించాయి. నేను సూటిగా చెప్పాను, రెండో గది ఇవ్వాలి, అంతకు మించి దారి లేదని. మేనల్లుడు పాత లెక్క తెరిచాడు. ఒకే గది చాలని వాళ్లే ఒప్పుకున్నారు, బడ్జెట్ మూసేశాం అన్నాడు. అప్పుడు బీమాయన ఉండబట్టలేక అనేశాడు, షెడ్డు వెనక వీధిలో పనివాళ్లుండే చోట గదులున్నాయి, ఈ సముద్రం గది ఒక్కదాని కిరాయికి అక్కడ రెండు తీసుకుని ఇంకా మిగుల్చుకోవచ్చు అని. జిమ్ముకు పోని మనుషులు ఉండే వీధి వెబ్‌సైటులో లేదు కాబట్టి మాకెవరికీ తెలియలేదు.

సమస్య తీరిపోయిందని నేను ఊపిరి పీల్చుకున్నాను. మేనల్లుడు మాత్రం ఉత్సాహంగా కీబోర్డు మీద పడ్డాడు. గది అంత చవకైతే మిగతావీ చవకే అయి ఉండాలి కదా, తిండి ఖర్చు కూడా మనం ఎక్కువ వేసినట్టే కదా అన్నాడు. మాస్టర్ డబ్బులు మిగుల్చుకుంటున్నాడని నా మాటల్లో ఎప్పుడో విని ఉన్నాడు. మిగులుతున్నాయంటే అంత అవసరం లేదనే అర్థం, చేతి ఖర్చు తగ్గిద్దాం అన్నాడు. సేఠ్ సరే అన్నట్టు తల ఆడించాడు. బీమాయనకు తన నోటి నుంచి ఏం జారిందో అప్పుడు తెలిసింది, తెర మీద అతని సగం ముఖం కూడా మాయమైంది. మాస్టర్ సేఠ్‌తో కాదు, నాతో మాట్లాడాడు.

"అన్నా, గటుక తిని మిగిలిచ్చిన. అది నేను కడుపు మాడ్చుకున్నది, ధర తక్కువైంది గాదు. జర గా ముచ్చట ఆయనకు చెప్పు."

చెప్పాను. అది ఏ వరసలో వేయాలి అంకుల్ అని అడిగాడు మేనల్లుడు. ఎగతాళికి కాదు, నిజంగానే అడిగాడు. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. ఆ ఆఫీసులో అంతకు ముందూ తర్వాతా నేను గొంతు పెంచలేదు. ముందు నీ సూరత్ వరస సరిచెయ్ అన్నాను. సూరత్‌లో ఈ మనిషి కిరాయి సగం గది అని రాసుకున్నావు. ఆ మిగతా సగం కరీంనగర్ జిల్లాలో ఉంది. అక్కడ వేరే ఇల్లు, వేరే పొయ్యి, వేరే కరెంటు బిల్లు, అందులో ఆయన భార్య. రెండిళ్ల మనిషిని సగం ఇంటివాడని రాసి, దాన్ని ఇంకో దేశంతో పోలిస్తే ఏమొస్తుంది? మాస్టర్‌కు ఇక్కడ చవకగా గడవలేదు, ఇక్కడ ఆయన కాపురమే చేయలేదు. చవక అన్న మాట ఇంకోసారి నా ముందు అనొద్దు అన్నాను.

సేఠ్ కరిగిపోయాడని అనుకోకండి. ఆయన కాగితం మీద ఏదో గీసుకున్నాడు. రెండు చిన్న గదులు ఒక పెద్ద గది కంటే చవక, మాస్టర్ అలిగి వచ్చేస్తే సాంచెలు ఆగుతాయి, ఆగితే పోయేది చేతి ఖర్చు కంటే ఎక్కువ. ఆ మూడూ చూసుకుని, వెనక వీధిలో రెండు గదులు తీసుకోండి, మిగతాది ముట్టుకోవద్దు అన్నాడు. మేనల్లుడు లాప్‌టాప్ మూశాడు. నాకు తల నొప్పి వచ్చి సగం రోజు సెలవు పెట్టాను.

గదులు వేరయ్యాక ఫోన్లు తగ్గాయి. కొన్ని వారాలకు మాస్టర్ చేశాడు. ఈసారి గొంతు వేరుగా ఉంది. పూరా ఖోలీ కోసం మూడేళ్లు ఆగడం ఎందుకు, ఇక్కడే దొరికింది కదా, మా ఇంటామెకు పాస్‌పోర్ట్ తీయించన్నా అన్నాడు. ఆమెకు చెప్పావా అంటే, నువ్వు చెప్తే మంచిగుంటది అన్నాడు. ఇంతమందిమి కూర్చుని ఉప్పు నుంచి జిమ్ము దాకా పోల్చాం కానీ, ఆమెను ఒక్క మాట అడిగినవాడు లేడు. ఆ పని కూడా నా మీదే పడింది.

ఫోన్ చేస్తే ఆమె మొదట నమ్మలేదు. తర్వాత తను వదిలి రావాల్సినవి చెప్పింది. బీడీల కార్డు, రేషన్ బియ్యం, కోళ్లు, పక్కింటి ముసలమ్మ. నేను ఆమె అడుగుతుందని అక్కడి బియ్యం ధర, నూనె ధర, పప్పు దొరుకుతుందా లేదా అన్నీ తెలుసుకుని పెట్టుకున్నాను. ఒక్కటీ అడగలేదు.

"అన్నా, ఒక్కటి జెప్పు," అంది. "గాడ రాత్రి ఆయన ఇంట్ల ఉంటడా?"

"ఉంటాడు చెల్లె. అక్కడ రాత్రి పాళీ లేదు."

కాసేపు బీడీ ఆకు కత్తిరించే చప్పుడు వినిపించింది. తర్వాత వస్త అంది.

పాస్‌పోర్ట్, వీసా, ఒక టీకాకూ ఇంకో టీకాకూ మధ్య ఆగడం, అన్నీ అయ్యేసరికి నెలలు పట్టాయి. టికెట్ కొన్నాం. కొన్న వారంలోనే ఆ దేశంలో కర్ఫ్యూ ఎత్తేశారు. ఊరంతా పండుగ చేసుకుంటుంటే నేనొక్కణ్నీ ఆ ప్రభుత్వాన్ని తిట్టుకుంటూ కూర్చున్నాను. సేఠ్ వెంటనే రెండు పాళీలు మొదలుపెట్టమన్నాడు. పని తెలిసిన మనుషులు ఇద్దరే, పాళీకి ఒకరు ఉండాలి. పదిహేను రోజులు ఇతను పగలు, అతను రాత్రి, తర్వాత అటుదిటు. అక్కడి చార్టు కూడా నేనే వేసి పంపాలి.

మాస్టర్‌కు ఫోన్ చేసి, పగటి పాళీయే కావాలని సేఠ్‌ను అడుగు, నేను సిఫారసు చేస్తానన్నాను. అడగనన్నాడు. అడిగితే మళ్లీ లాప్‌టాప్ తెరుస్తారని భయం. మరి ఆమెకు చెప్పావా అంటే చెప్పలేదన్నాడు. నువ్వు చెప్తే మంచిగుంటది అని మళ్లీ అదే మాట. నాకు ఒళ్లు మండి ఫోన్ పెట్టేశాను. నేను ఆమెకు మాటిచ్చినవాణ్ని. కోళ్లు అమ్మేసిన మనిషికి ఫోన్ చేసి, నెలలో సగం రాత్రులు నువ్వు పరాయి దేశంలో ఒక్కదానివే పడుకోవాలని ఎలా చెప్పను? రెండు రోజులు చార్టు వేయకుండా బల్ల మీద పెట్టుకుని తిరిగాను.

మూడో రోజు బీమాయన ఫోన్ చేశాడు. మాస్టర్ మీద ఏదో ఫిర్యాదు ఉంటుందని విసుగ్గానే ఎత్తాను.

"చార్టు ఏసినవా అన్నా?"

"లేదు. వేస్తాను."

"రాత్రి పాళీల నా పేరు రాయి."

"ఎన్ని రోజులు?"

"ఆమె ఉన్నన్ని రోజులు. ఆయనకు నేను జెప్పిన్నని చెప్పకు. సేఠే గట్ల ఏసిండని చెప్పు."

ఇతని భార్య కూడా కరీంనగర్ జిల్లాలో, ఆ పక్క ఊళ్లోనే ఒక్కతే ఉందన్న సంగతి నాకు అప్పుడు గుర్తొచ్చింది. మాస్టర్ ఇంటి గురించి అంత గొంతు చించుకున్నవాణ్ని, ఇతని ఇంటి సంగతి ఒక్కసారి ఎత్తలేదు. రాత్రి సాంచెల చప్పుడులో ఫోన్ మాట్లాడటం కుదరదు కదా, మీ ఆమెతో ఎప్పుడు మాట్లాడతావు అని అడిగాను.

"పగలు మాట్లాడ్త," అన్నాడు. "పగలైతె ఆమె బీడీలు జేసుకుంట ఇంటది."

నేను సరే అన్నాను. రాత్రి గడిలో అతని పేరు రాసి, కింద సేఠ్ ఆదేశం అని వేసి, చార్టు పంపించాను.